పిట్టకు పెట్టని ఇంట్లో

సినిమా సంగతి ఈ పుటలలో వ్రాస్తున్నందుకు మీలో కొందరు ముక్కున వేలు వేసుకొంటారని మాకు తెలుసు. మొదటి అభ్యంతరం మా ఇంట్లోనే వచ్చింది. 2023 మే నెల సెలవుల్లో ఒక సాయంత్రం పిల్లలందరూ వాకిట్లోకి టీవీ తెచ్చి, దానికి ఫోను కలిపి, "బలగం" పెట్టుకొన్నారు. మా మేనత్త, అనగా బాపు చెల్లెలు, ఎనభై దాటిన మనిషి, కట్టె పొడుచుకుంటూ వచ్చి, "పిండాలు, కాకులు ఉన్న సినిమ దేవుని బిడ్డల ఇంట్ల ఎందుకురా? బందు వెట్టుండ్రి" అని గదిమింది. పిల్లలు బందు పెట్టలేదు. పది నిమిషాలకు ఆమెయే ముందు వరుసలో నులకమంచం వేయించుకొని కూర్చున్నది. సినిమా ముగిసేసరికి ఆమె కొంగు తడిసినట్టు మరెవరి కొంగూ తడవలేదు.

ఆ రాత్రి తరువాత మా ఇంట్లో జరిగిన సంగతులు వ్రాయాలని అప్పటినుండి అనుకుంటూనే ఉన్నాము. సిగ్గు అడ్డమొచ్చింది. ఇప్పుడు మా తమ్ముడే "రాయుండ్రి, ఊరోళ్ళకు తెల్వనిదా ఏమన్న" అన్నాడు గనుక వ్రాస్తున్నాము. మేము అంటే భార్యాభర్తలము ఇద్దరము. ఇందులో ఒప్పుకోవలసిన తప్పు ఇద్దరిదీ గనుక ఇద్దరికీ ఒకటే కలము.

మాది డోంగ్లి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి ఊరు. నల్లరేగడి భూములు, పత్తి, సోయా, కంది. ఇంట్లో తెలుగు, సంతలో సగము మరాఠీ. మద్నూర్ మీదుగా పోతే దెగ్లూర్ వస్తుంది, అది నాందేడ్ జిల్లా. మా పెద్దబిడ్డను అక్కడే ఇచ్చాము. ఒకప్పుడు మా ఊరు నిజామాబాద్ జిల్లా మద్నూర్ మండలంలో ఉండేది. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది. 2022లో డోంగ్లియే మండలమైంది. ఈ మాట మళ్ళీ వస్తుంది, కాస్త గుర్తుంచుకోండి.

సినిమాకును మా ఇంటికిని పాత పరిచయమే లేదు. బాపు తన జన్మలో చూచిన సినిమా ఒక్కటే, "కరుణామయుడు". 1978లో వచ్చిన ఆ సినిమాలో విజయచందర్ ప్రభువు వేషము వేశారు. ఆ తరువాత చాలా ఏండ్లు దానిని ఊరూరా తెర కట్టి చూపించారు. మా దగ్గరకూ వచ్చింది. రెండు గుంజలు పాతి, నడుమ తెల్లగుడ్డ కట్టి, జనరేటరు పెట్టి ఆడించారు. గుడ్డకు ఇటువైపు చోటు చాలక అటువైపు కూర్చున్నవారికి బొమ్మ ఎడమది కుడిగా కనిపించింది. బాపు అటువైపే కూర్చున్నాడు. "ప్రభువు ఎడమచేత్తోని రొట్టె విరిచిండు" అని చాలాకాలము నమ్మాడు.

నలభై ఏండ్లు గడచిన తరువాత, 2023లో, తెలంగాణ పల్లెలలో మళ్ళీ అట్లాంటి తెరలు లేచాయి. ఈసారి "బలగం" కొరకు. ఆ సినిమా ఆ ఏడు మార్చి 3న విడుదలైంది. తీసినది వేణు ఎల్దండి, సిరిసిల్లవాడు. అంతవరకు మనకు నవ్వించే నటుడుగానే తెలుసు; దర్శకుడుగా ఇది మొదటి సినిమా. నిర్మించినది దిల్ రాజు ఇంటివారు. ఆయన మా పాత జిల్లావాడే. మార్చి చివరికే ఫోన్లలోకి, టీవీలలోకి వచ్చేసింది. అయినను జనము ఎవరింట్లో వారు చూసి ఊరుకోలేదు. గ్రామపంచాయతి ముందట, బడి మైదానములో తెరలు కట్టి, ఇంటింటి నుండి చాపలు, గొంగళ్ళు తెచ్చుకొని, చంటిపిల్లలను ఒళ్ళో పెట్టుకొని చూశారు. ఏండ్లకేండ్లు మాటలు లేని అన్నదమ్ములు అది చూసి ఒకరినొకరు కావలించుకొన్నారని పత్రికలలో పడింది. మేము ఆ వార్తలు చదివి, "బాగున్నది, మంచిదే" అనుకొని పేజీ తిప్పాము. మాకు సంబంధించినదని తోచలేదు.

చూడనివారి కొరకు కథ రెండు ముక్కలలో చెబుతాము. కొమురయ్య అనే ముసలాయన ఊరందరినీ పలకరిస్తూ, నవ్విస్తూ తిరిగే మనిషి. మనుమడు సాయిలు వ్యాపారాలని తిరిగి అప్పులపాలై, కట్నము సొమ్ముతో తీర్చుకోవచ్చునని పెండ్లికి సిద్ధపడతాడు. పెండ్లిపనులు నడుస్తుండగా తాత చనిపోతాడు. శవము చుట్టూ అందరూ ఏడుస్తుంటే మనుమని కండ్లముందు అప్పులవాళ్ళు తిరుగుతుంటారు. నవ్వు అక్కడ పుడుతుంది. ప్రియదర్శి ఆ మనుమని వేషము వేశాడు. అతని ముఖము చూచి మా పిల్లలు పడిపడి నవ్వారు, మేమూ నవ్వాము. అతడు చెడ్డవాడు కాడు, అప్పుల్లో మునిగినవాడు. అటువంటి పిల్లలు లేని ఊరు ఏది?

అంతలో ఇరవై ఏండ్లుగా పుట్టిల్లు తొక్కని కూతురు భర్తను, బిడ్డను వెంటబెట్టుకొని తండ్రి శవము దగ్గరకు వస్తుంది. ఆమె అన్న ఐలయ్యకు, భర్త నారాయణకు పడదు. ఎందుకు పడదు? పొలము కొరకు కాదు, బంగారము కొరకు కాదు. ఎన్నడో ఒకనాడు విందులో, కూరలో నల్లిబొక్క దగ్గర వచ్చిన మాట. అంతే. ఆ బొక్క కొరకు ఒక ఆడపిల్ల ఇరవై ఏండ్లు తండ్రి ముఖము చూడలేదు. మూడోనాడు పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. ఐదోనాడూ ముట్టదు. సచ్చినాయన మనసులో ఏదో ఉండిపోయిందని ఊరంతా అంటుంది. పదకొండోనాటికి ఏమైనదో మేము చెప్పము, చూడనివారు చూస్తారు.

నవ్వుతో మొదలుపెట్టి చావు సంగతి చెప్పడం ఈ ఒక్క సినిమాలోనే ఉన్నదని కాదు. దెగ్లూర్‌లోని మా బిడ్డ 2016లో వచ్చిన "వెంటిలేటర్" అనే మరాఠీ సినిమా కథ మాకు చెప్పింది. గణపతి పండుగ ముందట ఇంటి పెద్దాయన ఆసుపత్రిలో యంత్రము మీద ఊపిరి పీలుస్తుంటే, బయట చుట్టాలు చేరి చేసే గడబిడ, తండ్రీకొడుకుల నడుమ మాటల కరువు. రాజేష్ మాపుస్కర్ తీశాడు. దానిని అందరూ నవ్వుకుంటూ చూసి, ముక్కు చీదుకుంటూ లేచారట. ఏడుపు సంగతి ఏడుపుతోనే చెబితే మన జనము తలుపు వేసుకొంటారు. నవ్వించిన మనిషిని నమ్మి లోపలికి రానిస్తారు. అప్పుడు ఆ మనిషి చెప్పవలసినది చెబుతాడు.

ఇక మా ఇంటి నల్లిబొక్క సంగతి.

2009 మే నెలలో మా పెద్దబిడ్డ పెండ్లి. మూడువందల పత్రికలు వేయించాము. అచ్చువేసేవారు ముందుగా ఒక నమూనా కాగితము ఇచ్చి, "చూసుకోండి" అన్నారు. మేమిద్దరము దీపము దగ్గర పెట్టుకొని ఒక్కొక్క అక్షరము చూశాము. ఆహ్వానించువారిలో మా తమ్ముని పేరు లేదు. బాపు పేరు ఉన్నది, మా పేర్లు ఉన్నాయి, మేనమామల పేర్లు ఉన్నాయి. మేము వ్రాసిచ్చిన కాగితములోనే ఆ పేరు జారిపోయినదో, అచ్చులో పోయినదో ఆ దినము తెలియలేదు. తెలుసుకోవాలని మేము ప్రయత్నించలేదు కూడా. ఆ ఏడే బోరు మోటారు దగ్గర మాకు వాళ్ళకు ఒక మాట అయి ఉన్నది. ఉమ్మడి బోరు, మూడు దినములు మాకు, మూడు దినములు వాళ్ళకు. మా వంతు నాడు స్టార్టరు కాలిపోతే బాగుచేయించే ఖర్చు ఎవరిదని మాట పెరిగింది. ఆ మంట చల్లారలేదు. నమూనా కాగితము చూచి, మేమిద్దరము ఒకరి ముఖము ఒకరు చూసుకొని, "మంచిగనే ఉన్నది, ఏసెయ్యుండ్రి" అని పంపినాము.

పత్రికలు పంచిన తరువాత తమ్ముడు వచ్చి వాకిట్లో నిలబడి, "అన్నా, నా పేరు లేదు" అన్నాడు. మేము ఏమన్నాము? "అచ్చు తప్పు పడ్డది తమ్మీ, మాకేం తెలుసు, మళ్ళ ఏపిస్తే ఆరేడు వందలైతయి" అన్నాము. ఆ అబద్ధము పద్నాలుగు ఏండ్లు మా ఇంట్లో ఉన్నది. మా పిల్లలకు అదే చెప్పాము. అయ్యగారికి అదే చెప్పాము. చెప్పగా చెప్పగా మేమే సగము నమ్మినాము. తమ్ముడు పెండ్లికి వచ్చి, అన్నము తినకుండా పోయాడు. మరదలు రానేలేదు. తరువాత ఉమ్మడి వాకిట్లో గోడ లేచింది. బోరుకు రెండు స్టార్టర్లు, రెండు తాళములు.

నడుమ బాపు నలిగిపోయాడు. ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్ళింట్లో. నెల మారిన దినము తన గొంగడి, చెంబు, జిప్పు కవరులోని బైబిలు సంచిలో పెట్టుకొని, గోడ చుట్టు తిరిగి అటు వెళ్ళేవాడు. మా ఇంట్లో వాళ్ళ మాట ఎత్తడు, వాళ్ళింట్లో మా మాట ఎత్తడని తరువాత తెలిసింది. ఎప్పుడైనా మేము వాళ్ళను ఒక మాట అంటే జొన్నరొట్టె తుంపుతున్న చెయ్యి ఆగేది; ఏమీ అనకుండా మళ్ళీ తుంపుకొనేవాడు. "బాపుకు దేనికీ పట్టింపు లేదు" అని మేము గొప్పగా చెప్పుకొనేవారము.

2016 జనవరిలో, వాళ్ళ నెలలో, బాపు ప్రభువునందు నిద్రించాడు. సమాధి దగ్గర మేము ఒకవైపు, వాళ్ళు ఒకవైపు నిలబడి మట్టి వేశాము. ఆదరణ కూడిక రెండిండ్లలో రెండుసార్లు జరిగింది. అయ్యగారు ఉదయము అక్కడ ప్రార్థన చేసి, మధ్యాహ్నము మా దగ్గర చేశారు. ఆయన రెండు చోట్లా ఒకే వాక్యభాగము చదివారని మేనత్త చెప్పింది. కావాలనే చదివారేమో. మేము గ్రహించలేదు. సమాధి మీద రాయి పెట్టలేదు; పెట్టించినవారుగా ఎవరి పేరు ముందు చెక్కించాలన్న తగవు అక్కడ కూడా వస్తుందని. సమాధుల పండుగ నాడు మేము పొద్దున్నే పోయి కొవ్వొత్తులు వెలిగించి వచ్చేవారము, వాళ్ళు పొద్దుగూకిన తరువాత పోయేవారు. మా కొవ్వొత్తుల మైనము మీదనే వాళ్ళవి నిలబెట్టేవారు.

సినిమాలో పిట్ట ముట్టనప్పుడు మా మేనత్త మెల్లగా ఒక మాట అన్నది. "మనకు పిట్ట లేకపాయె గదా. ఉంటే మా అన్నకు పెట్టిన బువ్వ ముట్టునా?"

ఎవరూ బదులు చెప్పలేదు. ఆమె ఎవరిని ఉద్దేశించి అన్నదో కూడా తెలియదు, తెర వైపే చూస్తున్నది. పిట్టకు పెట్టే ఆచారము మనకు లేదు. ఉండాలని మేము చెప్పడము లేదు. చనిపోయినవారి ఆకలి కాకి తీరుస్తుందని మనము నమ్మము. అయితే ఆ కథలో కాకి చేసిన పని ఏమిటి? అది ఏమీ మాట్లాడలేదు. ఇంటివారు లోపల దాచుకొన్నదానిని ఊరి ముందు పెట్టింది, అంతే. దినము ముగించుకొని ఎవరి తోవన వారు పోనివ్వలేదు. మన ఇండ్లలో ఆ అడ్డము లేదు. ప్రార్థన అవుతుంది, భోజనము అవుతుంది, అద్దె కుర్చీలు తిరిగి పోతాయి. బాపు జ్ఞాపకార్థము మేము వేయించిన చిన్న కాగితము మీద "సమాధానముతో నిద్రించెను" అని వేయించాము. ఆయన ప్రభువు చేతులలో ఉన్నాడన్న నిరీక్షణ మాకు ఉన్నది. కాని ఆయన చివరి ఏడేండ్లు సమాధానముగా గడచినవని ఎవరు చెప్పాలి? ఆ మంచి మాట వెనుక మేము దాగుకొన్నాము. బాపుకు ఏమి కావలసియుండెనో బ్రతికి ఉన్నప్పుడు అడగలేదు. చనిపోయిన తరువాత అడగవలసిన అవసరము లేదని ఆ మాట మాకు ధైర్యమిచ్చింది.

అబ్రాహామును పాతిపెట్టడానికి ఇస్సాకుతో పాటు ఇష్మాయేలు కూడా వచ్చాడని, ఇస్సాకును ఏశావు, యాకోబు కలిసి పాతిపెట్టారని ఆదికాండములో ఎన్నిసార్లు చదివామో. తండ్రుల పేర్లు, వయస్సులు అని దాటిపోయాము. ఆ గుహ దగ్గరకు ఆ అన్నదమ్ములు ఎట్లా నడిచి వచ్చారో ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ సాయంత్రము సంగతి ఇంకొకటి ఉన్నది. పిల్లలలో తమ్ముని చిన్నకొడుకు కూడా ఉన్నాడు. పిల్లలకు గోడలు ఉండవు గదా. చీకటి పడిన తరువాత వానిని పిలుచుకుపోవడానికి తమ్ముడు వచ్చాడు. ఎన్నో ఏండ్ల తరువాత మా దర్వాజ దగ్గర నిలబడ్డాడు. "పోదాం పారా" అన్నాడు. వాడు కదలలేదు. తమ్ముడు దర్వాజకు ఒక చెయ్యి ఆనించి అట్లాగే నిలబడి చూడడము మొదలుపెట్టాడు. మేము "కూసో" అనలేదు. కుర్చీ ఖాళీగా ఉన్నది. ఎట్లా అనాలో తెలియలేదు. అతడు లోపలికి రాలేదు, వెనుకకూ పోలేదు. గంటకు పైగా గడప అవతలనే నిలబడి ఉన్నాడు.

చివరన బుడగ జంగాలు వచ్చి సచ్చినాయన బ్రతుకు పాటగా చెబుతారు. చావు జరిగిన ఇంటికి వచ్చి పోయినవారి సంగతులు పాడడము వారి కులవృత్తి. సినిమాలో పాడినవారు నటులు కారు, ఆ వృత్తివారే: వరంగల్ వైపు దుగ్గొండి నుండి వచ్చిన మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. కంజీర, బుర్ర పట్టుకొని ఊరూరా తిరిగిన దంపతులు. ఆ మొగిలయ్య జబ్బుతో చాలా బాధపడి 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఈ సినిమాలో ఊరి మీది పాటకు కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ అవార్డు ప్రకటించారు, మంచిదే. కాని మా వాకిట్లో ఆ రాత్రి పిల్లలు సైతము కదలకుండా కూర్చున్నది ఆ దంపతుల గొంతుకే. అన్నదమ్ములు తండ్రి ముందట తప్పు ఒప్పుకొనే ఘట్టము. మేము తెర చూడలేక దర్వాజ వైపు చూశాము. తమ్ముడు లేడు. ఎప్పుడు పోయాడో. కొడుకును కూడా తీసుకుపోలేదు.

ఆ రాత్రి మేమిద్దరము నిద్రపోలేదు. మాటలూ పెద్దగా లేవు. తెల్లవారుజామున ఒకరు "నమూనా కాగితము" అన్నారు. రెండవవారు "ఔను" అన్నారు. పద్నాలుగు ఏండ్లలో మా ఇద్దరి నడుమ కూడా ఆ మాట రావడము అదే మొదటిసారి.

పొద్దెక్కక ముందే గోడ చుట్టు తిరిగి వెళ్ళాము. మరదలు వాకిలి ఊడుస్తూ మమ్మును చూచి, చీపురు అక్కడే వదిలి లోపలికి పోయింది. తమ్ముడు అరుగు మీద కూర్చుని పండ్లపుల్ల నములుతున్నాడు. ఎట్లా చెప్పాలో రాత్రంతా అనుకొన్న మాటలలో ఒక్కటీ రాలేదు. "తమ్మీ, అచ్చు తప్పు కాదు. మేము చూసినం. చూసే పంపినం" అన్నాము.

అతడు చాలాసేపు ఊరుకొన్నాడు. పుల్ల ఉమ్మి, లేచి లోపలికి పోయాడు. పొమ్మన్నట్టేనని మేము అనుకొన్నాము. బాపు బైబిలు పట్టుకొని వచ్చాడు. బాపు చనిపోయినది వాళ్ళింట్లో గనుక అది అక్కడే ఉండిపోయింది. దాని కొరకు కూడా మేము ఒకసారి మాట అని ఉన్నాము. జిప్పు కవరు లోపలి అరలో నుండి మా బిడ్డ పెండ్లి పత్రిక తీసి మా చేతికి ఇచ్చాడు. ఆహ్వానించువారి పేర్లలో, మా పేర్ల కింద, నీలము పెన్నుతో తమ్ముని పేరు, మరదలి పేరు వ్రాసి ఉన్నాయి. బాపు చేతివ్రాత. రాత్రిబడిలో నేర్చిన పెద్ద పెద్ద వంకర అక్షరాలు. చోటు చాలక చివరి అక్షరము అంచు దాటి పోయింది.

"ఎప్పుడు చూసినవు తమ్మీ?"

"బాపు పోయిన నాడే."

"మాకెందుకు చూపలె?"

"మీరు అడుగలె" అన్నాడు. కొంచెము ఆగి, "నేను గూడ సూపిస్తే అయిపోవు. సూపియ్యలె" అన్నాడు.

అప్పుడు ఎవరు ముందు ఏడ్చారని మేనత్త ఇప్పటికీ అడుగుతుంటుంది. సినిమాలో మాదిరి ఎవరూ ఎవరి మెడ మీదా పడలేదు. లోపలి నుండి మరదలు మూడు గ్లాసులలో చాయ్ పంపింది, పిల్లవాని చేత. తాను రాలేదు.

గోడ ఇంకా ఉన్నది. పడగొట్టడానికి ఖర్చు, పైగా మేకలకు అడ్డము ఉంటుంది. నడుమ ఒక మనిషి పట్టేటంత సందు తీశాము. బోరుకు ఒకటే తాళము, రెండు తాళపుచెవులు. మరదలు మాత్రము చాలా దినములు మా గడప తొక్కలేదు. ఆమెకు ఆ హక్కు ఉన్నదని మేము ఊరుకొన్నాము. పత్రికలో పేరు లేనందుకు తన తల్లిగారింట ఆమె ఎన్ని మాటలు పడిందో తరువాత తెలిసింది. మేము ఒప్పుకొన్నంత మాత్రాన ఆ మాటలు వెనుకకు రావు. 2023 నవంబరులో సమాధి రాయి పెట్టించాము. పెట్టించినవారు అని ఎవరి పేరూ చెక్కించలేదు. ఆ నవంబరులో సమాధుల పండుగకు మేము సాయంత్రమే పోయాము, వాళ్ళతోపాటు.

2025 వేసవిలో తమ్ముని పెద్దకొడుకు పెండ్లి. ఏప్రిల్‌లో ఒక రాత్రి తమ్ముడు, మరదలు ఇద్దరూ గోడ సందులో నుండి వచ్చారు. మరదలు మా ఇంట్లో కూర్చున్నది. చేతిలో నమూనా కాగితము. "సూడుండ్రి, తప్పులున్నయేమో" అన్నది. మా బిడ్డ పెండ్లి పత్రికనే, బాపు పెన్నుతో వ్రాసినదానినే, అచ్చువారికి మాదిరిగా ఇచ్చారట. మా పేర్లు అన్నిటికంటె ముందు ఉన్నాయి. మేము కండ్లద్దాలు తెచ్చుకొని, దీపము కింద పెట్టుకొని, ఒక్కొక్క అక్షరము చదివాము. పేర్లన్నీ సరిగా ఉన్నాయి. కింద చిరునామా చూస్తే, డోంగ్లి గ్రామము, మద్నూర్ మండలము, నిజామాబాద్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉన్నది. పాతదానిలో ఉన్నది ఉన్నట్టే దించారు.

తమ్ముడు నవ్వి, "పోనియ్యుండ్రి, ఊరు తెల్వనోళ్ళు ఎవరున్నరు" అన్నాడు. మేము వినలేదు. మండలము, జిల్లా, రాష్ట్రము మూడూ కొట్టివేసి, సరిచేసి వ్రాసి, పొద్దున్నే మేమే తీసుకొనిపోయి ఇచ్చి వచ్చాము.